దానమ్మ హోటల్‌కు లంగరు

వలందరేవు పునర్వైభవ సంస్థ పెద్దలారా, మిమ్మల్ని దొంగలు అనను. దొంగకి కాస్త భయం ఉంటుంది. గోడ దూకి వస్తాడు, చప్పుడు చెయ్యకుండా పోతాడు. మీరు పట్టపగలు, బ్యాండు మేళంతో, శాలువా కప్పి మరీ ఒక ఆడమనిషి హోటల్‌ని మాయం చేశారు. ఇటుకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పెంకులు ఉన్నాయి. పొయ్యి మీద పులుసు ఉడుకుతోంది. అయినా అక్కడ హోటల్ లేదని మీరు రాశారు, మీ పైవాళ్లు సంతకం పెట్టారు, ఇప్పుడు దాన్ని పడగొట్టడానికి యంత్రం వస్తోంది. లేనిదాన్ని ఎలా పడగొడతారని అడిగితే మీలో ఒక్కడూ తల దించుకోలేదు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. మీరు చదవకపోయినా ఊళ్లో జనం చదువుతారు.

వలందరేవు ఒకప్పుడు పెద్ద రేవు. డచ్చివాళ్లు ఇక్కడినుంచి బట్టలు ఓడలకెత్తించారు. వాళ్లు పోతూ పోతూ కొన్ని సమాధులు, ఒక గోడౌను, ఒక జెండా కొయ్య వదిలిపోయారు. తర్వాత ఏటి ముఖం ఇసకతో పూడిపోయింది. తాతల నాటికే ఓడలు రావడం మానేశాయి. ఓడలు మానేశాయి గాని రేవు ఆఫీసు మానలేదు. అందులో ఒక రేవు అధికారి, ఒక గుమస్తా, జెండా ఎత్తి దించడానికి ఒక బంట్రోతు ఉన్నారు. రోజూ పొద్దున్న దుర్భిణీ పెట్టి సముద్రం వైపు చూస్తారు. ఓడ రాలేదని రాస్తారు. భోజనానికి పోతారు. ఎవరికీ నష్టం లేని ఉద్యోగం. ఊళ్లో ఎవరూ ఏనాడూ తప్పు పట్టలేదు.

ఈ ఏడు ప్రభుత్వానికి చరిత్ర మీద ప్రేమ పుట్టింది. ఇది చారిత్రక రేవుల పునర్వైభవ సంవత్సరమని ప్రకటించారు. ఏడాది తిరిగేలోగా ఒక్క ఓడైనా రాని రేవును మూసేసి, సిబ్బందిని మన్యంలో వెదురు చెక్‌పోస్టులకు బదిలీ చేస్తామని ఉత్తర్వు వచ్చింది. ఆ రోజునుంచి రేవు అధికారి చక్రధరరావు గారికి నిద్ర లేదు. దుర్భిణీలోంచి ఎంత చూసినా చేపల పడవలు తప్ప ఏమీ కనపడవు. చేపల పడవలు ఓడల కింద లెక్కకు రావు.

అప్పుడాయన దుర్భిణీని ఒడ్డు వైపు తిప్పారు.

ఒడ్డు మీద ఉన్నది గనగళ్ల దానమ్మ హోటల్. కింద నాలుగు గదులు, పైన రెండు, ముందు పెంకుల వరండా. నులక మంచాల మీద పరుపు, పరుపు మీద దుప్పటి, దుప్పటి మీద ఇసక. ఎంత దులిపినా ఇసక పోదు. కిటికీ తీస్తే సముద్రం గదిలోకి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. నన్ను సముద్రపు గాలి పీల్చమని డాక్టరు చెబితే ఇక్కడ దిగాను. నాలాంటివాడికి అందే ధరలో ఆ గాలి ఇంకెక్కడా దొరకదు. పక్క గదిలో చీరల వ్యాపారి సన్యాసిశెట్టి గారు ఉండేవారు. చుట్టుపక్కల ఊళ్లలో దుకాణాలకు సరుకు వేసి, సాయంత్రానికి వచ్చి దానమ్మ చేతి వంజరం పులుసుతో అన్నం తిని, ఉక్కపోతను తిట్టి పడుకునేవారు.

ఆ హోటల్ గుమ్మం పైన, గోడకు బిగించి, ఒక పడవ ముక్కు ఉంది. వంపు తిరిగిన పాత కర్ర. దానికి రెండు పక్కలా తెల్ల రంగుతో కళ్లు గీసి ఉన్నాయి. కింద నల్లక్షరాలతో పడవ నంబరు. దిగిన రోజే అదేమిటని అడిగాను.

"మా ఆయన పడవ బాబూ," అంది దానమ్మ. "తుపానుకి ముక్కలైపోనాది. మనకి కూడెట్టిన కర్రని పొయ్యిలో ఎట్టకూడదు, మాలో అంతే. పడవ పోతే ముక్కు దాసుకుంటాం, గుమ్మం మీద ఎడతాం. పడవమ్మ ఇంట్లోనే ఉన్నట్టు."

"నంబరెందుకు?"

"అదా," అని నవ్వింది. "ఆయనకి సదువు రాదు. ఆ నంబరొక్కటే సదవడం ఒచ్చు. పొద్దున్న లేసి దాన్ని సదువుకుని, సుట్ట ఎలిగించుకునేవోడు. పోయి రెండేళ్లైపోనాది. సెరపబుద్ది కాక ఉంచినాను."

ప్రతి శుక్రవారం ఆ ముక్కుకు పసుపు రాసి, కుంకం బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టేది. ఆ జాలర్ల పేట నిండా ఇలాంటి ముక్కులు ఉన్న గుమ్మాలు చాలా ఉన్నాయి. కానీ మనుషులు వచ్చి దిగి, తిని, పడుకుని వెళ్లే గుమ్మం దానమ్మది ఒక్కటే. దానివల్లే కొంప మునిగింది.

ఒక శుక్రవారం పొద్దున్న చక్రధరరావు గారు తెల్ల బట్టలు వేసుకుని వచ్చారు. వెనక గొడుగు పట్టుకుని గుమస్తా కూర్మనాథం. ఇద్దరూ గుమ్మం పైకి చాలాసేపు చూశారు. పసుపు ఇంకా తడిగా ఉంది.

"ఈ నౌకకు యజమాని ఎవరు?" అన్నారు చక్రధరరావు గారు.

దానమ్మ వరండాలో కూచుని చేపలు తోముతోంది. "ఏ నౌక బాబూ?"

"ఇదే."

"ఇది ఓటలండి."

"అది నీ అభిప్రాయం. నీ అభిప్రాయాన్ని శాఖ గౌరవిస్తుంది. కూర్మనాథం, నిర్వచనం చదువు."

కూర్మనాథం గొంతు సవరించుకున్నాడు. "నౌక అనగా రేవు పరిధియందు, పోటునీరు చేరగల దూరమున నిలిచి, జనులను ఎక్కించుకొనుచు దించుచు, వారికి శయన భోజన వసతులు కల్పించుచు, నమోదు సంఖ్య కలిగియున్న యే నిర్మాణమైనను అని గ్రహించవలెను."

"పోటునీరు ఇక్కడిదాకా వస్తుందా?" అన్నారు అధికారి.

"తుపానులో ఒస్తాది."

"చేరగలదు అని రాయి. జనులు ఎక్కి దిగుతారా?"

"దిగుతారు. కొందరు సెప్పకండా దిగిపోతారు."

"భోజనం?"

"సేపల పులుసు. సోమవారం నాడు పప్పు."

నమోదు సంఖ్య ఎక్కడని ఆయన అడగలేదు. కూర్మనాథం గొడుగుతో గుమ్మం పైకి చూపించాడు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

నాకు నోరు ఊరుకోదు. "అయ్యా, దీనికి పునాది ఉంది," అన్నాను.

"దీర్ఘకాలంగా లంగరు వేసి ఉన్నది అని రాయి," అన్నారాయన నావైపు చూడకుండా.

"ఇది కదలదు గద బాబూ," అంది దానమ్మ.

"కదలకపోవడం నౌక దోషం కాదమ్మా. దాన్ని ప్రయాణ విలంబం అంటారు."

ఆ వారంలోనే సభ జరిగింది. ఇసకలో పందిరి వేశారు. శతాబ్దం తర్వాత వలందరేవుకు ఓడ అని పెద్ద బట్ట కట్టారు. పునర్వైభవ సంస్థ అధ్యక్షుల వారు కార్లో వచ్చి, దానమ్మకు శాలువా కప్పి, మన ప్రాచీన నౌకా సంస్కృతి నిద్ర లేచిందని మాట్లాడారు. హోటల్ వైపు చెయ్యి చాపి, ఆమె తెరచాపలను చూడండి అన్నారు. దానమ్మ ఆరేసిన దుప్పట్లు గాలికి ఊగుతున్నాయి. జనం చప్పట్లు కొట్టారు. అబద్ధం ఎందుకు, సన్యాసిశెట్టి గారు కూడా కొట్టారు. దానమ్మ మురిసింది. మా ఆయన ఉంటే ఎంత సంబరపడేవోడో అని పక్కనున్న ఆడవాళ్లతో అంది.

ఆమె మరిది పైడయ్య మాత్రం ఆ సభలో లేచాడు. రోజూ చేపల వేటకెళ్లే మనిషి. "అయ్యగారూ, మా పడవలు ఒడ్డుకొచ్చినప్పుడల్లా అలలు తిరగేసేత్తన్నాయి. మొన్న మావోడికి కాలిరిగిపోనాది. జట్టీ కట్టమని మా నాయన కాలం నుంచి అడుగుతున్నాం. ఓడలు రావు, ఎందుకన్నారు. ఇప్పుడొచ్చినాది గద."

"జెట్టీ మంజూరైంది," అన్నారు అధ్యక్షుల వారు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. "ఈ హోటల్... ఈ ఓడ ముందు కడతాం."

"అక్కడ నీళ్లు లేవండి. మా పడవలు అటేపు ఆగుతాయి."

"మీ పడవలు ఒకచోట నిలవవు. ఇవాళ ఇక్కడ, రేపు ఎక్కడో. నిలకడగా ఉన్నవాళ్లకు కదా వసతులు కల్పించేది."

పైడయ్య కూచున్నాడు. ఎండ ఇసకలో, నీటిచుక్క అంటని చోట జెట్టీకి రాళ్లు తోలించారు.

సభ అయిన మర్నాడు లంగరు వచ్చింది. డచ్చి గోడౌనులో తుప్పు పట్టి పడి ఉన్న లంగరును క్రేనుతో తెచ్చి పెరట్లో పాతారు. గొలుసును తీసుకొచ్చి వరండా స్తంభానికి చుట్టారు. నౌక లంగరు లేకుండా ఉండటం ప్రమాదకరమట. ఆ స్తంభం పాత కొయ్యది, ఇటుక దిమ్మలో సున్నంతో నిలిపింది. దాని మీద వరండా కప్పు ఆనుకుని ఉంది. గొలుసు చుట్టగానే సున్నం రాలింది. "ఇది ఓపదు బాబూ," అంది దానమ్మ. నౌకా నిర్మాణంలో ఆమెకు అర్హతా పత్రం ఉందా అని కూర్మనాథం అడిగాడు.

తర్వాత గుమ్మం మెట్లను మూసేశారు. మెట్ల మీదుగా ఎక్కడం నౌకా నిబంధనలకు విరుద్ధం. బదులుగా ఒక చెక్క వాల్చారు. దాని మీద నడిచి లోపలికి రావాలి. భోజనాల వేళ అందరూ ఈత చొక్కాలు తొడుక్కోవాలి. బొడ్డు దాకా బిగించే నారింజ రంగు చొక్కా తొడుక్కుని చేప ముల్లు తీసుకోవడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుస్తుంది. రోజూ పొద్దున్న దానమ్మ, తనకు అంటగట్టిన తాత్కాలిక నావికాధిపతి హోదాలో, నౌక ఎక్కడున్నదీ చెప్పాలి. చక్రధరరావు గారు చెక్క దగ్గర నిలబడి అడిగేవారు.

"నౌక ప్రస్తుతం ఎక్కడున్నది?"

"ఇక్కడే ఉన్నాది."

"నిన్నటి మీద పురోగతి?"

"ఏటి పురోగతి బాబూ. నిన్నా ఇక్కడే."

"దిశ?"

"తూరుపు మొకం. వాస్తు సూసి కట్టినారు."

"తూర్పు దిశగా, స్థిరవేగంతో అని రాయి," అనేవారు ఆయన.

ఈ సరదా సన్యాసిశెట్టి గారు బయల్దేరిన రోజున తీరిపోయింది. ఆయన మూట కట్టుకుని, గది అప్పగించి, చెక్క దిగబోతుంటే బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు. ఓడలో వచ్చినవాళ్లు దిగాలంటే రేవు వైద్యుడు పరీక్ష చేసి, అంటురోగం లేదని తేల్చాలి.

"పిలవండి వైద్యుణ్ణి," అన్నారు శెట్టి గారు.

"ఆ పోస్టు ఖాళీగా ఉందండి."

"ఎప్పట్నించి?"

బంట్రోతు కూర్మనాథం వైపు చూశాడు. కూర్మనాథం తెల్లవాళ్ల కాలం నుంచి అన్నాడు. భర్తీకి రాశామని, అందాకా ఎవరూ నేల మీద కాలు పెట్టరాదని చెప్పాడు. డాబా మీద అంటురోగానికి గుర్తుగా పసుపు జెండా ఎగరేశారు. ఊళ్లో పిల్లల తల్లులు ఆ దారిన నడవడం మానేశారు.

శెట్టి గారిది దుకాణాలతో ముడిపడిన బతుకు. మధ్యాహ్నం అందరూ కునికే వేళ చూసి పెరటి గోడ దూకారు. దూకడం చూసిన బంట్రోతు గంట కొట్టాడు. మనిషి నీళ్లలో పడ్డాడని కేకేశాడు. నలుగురు కూలీలు రబ్బరు చక్రం పట్టుకుని పరుగెత్తారు. శెట్టి గారు పొడి ఇసకలో నిలబడి ఉన్నారు. చక్రాన్ని ఆయన మీదికి విసిరారు.

"పట్టుకోండి, పట్టుకోండి," అన్నాడు బంట్రోతు.

"ఎందుకు పట్టుకోవాలయ్యా, నేను నిలబడే ఉన్నాను కదా."

"మునిగిపోయేవాళ్లు అలాగే అంటారండి."

తాడుతో చుట్టి, ఇసకలో ఈడ్చుకుని, వాలు చెక్క మీదుగా లోపలికి లాగారు. చక్రధరరావు గారు స్వయంగా వచ్చి ఆయన పొట్ట నొక్కించారు, నీళ్లు తాగాడేమోనని. ప్రయాణికుడికి ఈత రాదు అని రాయించారు. సాహసానికి బంట్రోతుకు ప్రశంసాపత్రం వచ్చింది.  ఆ రాత్రి పులుసు వడ్డిస్తే శెట్టి గారు పక్కకు తోశారు.

ఆ తర్వాత వచ్చినవాళ్లకు శాలువాలు లేవు. విద్యుత్ శాఖవాళ్లు వచ్చారు. ఓడకు నేల మీది కనెక్షన్ ఉండటం అక్రమమని తీగ కోసి పోయారు. పంచాయతీవాళ్లు వచ్చారు. ఊరి నీళ్లు ఊరివాళ్లకే చాలడం లేదు, ఓడలకెలా ఇస్తామని కుళాయి పీకి పోయారు. పైడయ్య రోజూ తెచ్చే చేపల బుట్టను చెక్క దగ్గర ఆపారు. బయటినుంచి ఓడలోకి ఎక్కే సరుకు సుంకం అధికారి చూడాలి. సుంకం అధికారి జిల్లా కేంద్రంలో ఉంటాడు. ఆయన వచ్చేసరికి చేపలు వాసనొచ్చేవి. వాసనొస్తున్న సరుకు ఉందని మళ్లీ పసుపు జెండా గడువు పెంచేవారు.

కొత్తగా దిగేవాళ్లు ఎవరూ లేరు. దిగితే బయటికి రానివ్వరని ఊరంతా తెలిసింది. దానమ్మ ఖాళీ గదులు ఊడుస్తూనే ఉండేది. ఒకరోజు చీపురు పట్టుకుని నా గది గుమ్మంలో ఆగిపోయింది.

"బాబూ, ఇది తప్ప నాకింకోటి నేదు. పిల్లల్లేరు. వలలల్లే సూపు పోనాది. ఇది మూసేత్తే నాను ఎక్కడికెల్లాల? పైడయ్య ఇంట్లో కూకుని ఆల కోడలు పెట్టిన కూడు తినాల. అది మంచిదే గాని, నాను ఇలగ ఒకలికి ఒండెట్టి బతికినాను. ఒకలు పెడితే తిని బతకడం నాకు రాదు."

నేను అర్జీ రాశాను. పుస్తకాల చదువు నాది కాదు, కానీ అర్జీ రాయడం వచ్చు. చక్రధరరావు గారు చెక్క చివర నిలబడి అందుకున్నారు. ఆయనకు నా మీద కోపం లేదు. ఎవరి మీదా లేదు. దానికే నాకు భయం వేసింది.

"నంబరు రద్దు చేసి దీన్ని హోటల్‌గా వదిలెయ్యండి," అన్నాను.

"పడవ నంబరు రద్దు కావాలంటే అది మునిగిపోయినట్టు రుజువు కావాలి."

"మునిగిపోయింది. తుపానులో."

"మునిగితే ఇది ఇక్కడ ఎలా ఉంది?"

దానమ్మ కలగజేసుకుంది. "పోనీ ఇప్పుడు ములిగిపోనాదని రాసెయ్యండి బాబూ. నాను ఏలిముద్దరేత్తాను."

ఆయన చెవుల మీద చేతులు పెట్టుకున్నారు. "పునర్వైభవ సంవత్సరంలో ఓడ మునగడానికి అనుమతి లేదమ్మా. పైనుంచి ఎంత మాట వస్తుంది. నీ నౌక మన రాష్ట్ర నౌకా చరిత్రలోకెల్లా స్థిరమైనది. ఇంతవరకు ఏ గదిలోనూ ఒరుగుదల లేదని నివేదిక పంపాను. దేశమంతా చెప్పుకుంటున్నారు."

దేశం ఏమనుకుందో తెలీదు గాని, సంస్థ కేంద్ర కార్యాలయం మాత్రం ఆ నివేదిక చదివింది. చదివి, ఒక ప్రశ్న వేసింది. వలందరేవుకు ఓడ వచ్చింది సరే. పోయిందా? రాక ఒక్కటే రేవు వ్యాపారం కాదు. రాకకు సమానంగా పోక ఉండాలి. వచ్చే పౌర్ణమి పోటుకు ఓడ బయల్దేరాలి. బయల్దేరకపోతే అది రేవులో దారికి అడ్డంగా పడి ఉన్న శకలం కిందికి వస్తుంది. శకలాన్ని తొలగించాలి.

అంటే కదలకపోతే పడగొడతారు. కదిలించాలంటే కదలదు. చక్రధరరావు గారు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన గొంతు కూడా కాస్త తగ్గింది. కానీ వెంటనే తేరుకుని, పౌర్ణమి నాడు బ్యాండు ఏర్పాటు చేశామని చెప్పారు.

పౌర్ణమి పగటి పోటుకు ముహూర్తం పెట్టారు. మళ్లీ పందిరి, మళ్లీ అధ్యక్షుల వారు. రెండు చేపల పడవలను పిలిపించారు. హోటల్‌ను సముద్రంలోకి లాగాలి. ఒక పడవ పైడయ్యది. రానన్నాడట. రాకపోతే పడవకు డీజిలు రాయితీ ఆపేస్తామన్నారట. వాడు నీళ్లలోంచి నడుచుకుంటూ, తడి తువ్వాలు భుజాన వేసుకుని, గుమ్మం దగ్గరికి వచ్చాడు. దానమ్మ లోపల నిలబడి ఉంది.

"వొదినా."

"ఏటి పైడీ. లాగేత్తావా నన్ను?"

"తాడు కట్టమన్నారు. కడతాను. గట్టిగా లాగను. ఊరికే లాగినట్టు సేత్తాను. ఫొటో తీసుకుని ఎల్లిపోతారు."

"మీ అన్న ఉంటే నిన్ను తెడ్డుతో కొట్టును."

"కొట్టును," అన్నాడు పైడయ్య. తల వంచుకుని, లంగరు గొలుసు విప్పి, తాడు తెచ్చి అదే వరండా స్తంభానికి కట్టాడు. ముడి వదులుగా వేశాడు. బంట్రోతు వచ్చి బిగించాడు.

గంట కొట్టారు. బ్యాండు మోగింది. అధ్యక్షుల వారు పచ్చ జెండా ఊపారు. రెండు పడవల్లోనూ మెల్లగా మర నడిపారు. తాడు ఇసక మీద పాములా కదిలి బిగుసుకుని లేచింది. అంతే, అక్కడ ఆగిపోయేది. కానీ సముద్రానికి ఈ నాటకం తెలీదు. పెద్ద అల ఒకటి వచ్చి పైడయ్య పడవను ఎత్తి, వెనక్కి పోతూ సముద్రంలోకి గుంజింది. తాడు వీణ తీగలా మోగింది. వరండా స్తంభం మొదలంటా విరిగింది. దాంతో పాటు కప్పులో సగం కూలింది. పెంకులు జల్లులా రాలాయి. స్తంభం ఇసకలో దొర్లుకుంటూ, జెట్టీ రాళ్లకు తగిలి ఎగిరి, నీళ్లలోకి పోయింది.

 పైడయ్య మర ఆపేసి పడవలో నిలబడిపోయాడు.

"కదిలింది," అన్నాడు కూర్మనాథం.

అధ్యక్షుల వారు చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. ఫొటోలో అలల మీద స్తంభం ముక్క, దాని వెంట తేలుతున్న వాసం మాత్రమే పడ్డాయి. ఆ ఫొటో జతపరిచి, ఓడ వలందరేవు నుంచి క్షేమంగా బయల్దేరిందని, గమ్యం సింహళమని చక్రధరరావు గారు తంతి పంపారు. ఆయనకు ప్రమోషన్ వచ్చింది. పసుపు జెండా దించేశారు. ఓడే లేనప్పుడు జెండా ఎందుకని.

దానమ్మ పెంకు ముక్కలు ఏరుతూ వరండాలో కూచుంది. నేనూ శెట్టి గారూ కూడా ఏరాం. శెట్టి గారు ఇప్పుడు దిగొచ్చు. ఆపేవాడు లేడు. కానీ ఆయన దిగలేదు. ఈత చొక్కా విప్పి మూల పడేసి, నడుముకు కండువా చుట్టుకుని, కూలిన కప్పు కిందినుంచి వాసాలు లాగుతున్నారు. "నేను ఇక్కడే ఉన్నానని ఒకడైనా ఒప్పుకునేదాకా పోను," అన్నారు. చీరల వ్యాపారి నోట అలాంటి మాట నేను అనుకోలేదు.

మర్నాడు తీర పరిరక్షణ శాఖవారు వచ్చారు. వేరే శాఖ. వేరే జీపు. కొత్త అధికారి, మర్యాదస్తుడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"ఈ కట్టడం ఎప్పుడు లేచింది?" అన్నాడు.

"మా ఆయన కట్టినాడు బాబూ. శానా ఏళ్లైనాది."

"నిన్న మధ్యాహ్నం తర్వాత ఈ స్థలం ఖాళీ. రేవు శాఖ నివేదిక ఉంది. రాత్రికి రాత్రే తీరం మీద కట్టడం లేపారు. పెద్ద నేరం అమ్మా ఇది."

దానమ్మ లోపలికెళ్లి, హోటల్ కట్టుకోవడానికి పంచాయతీ ఇచ్చిన అనుమతి తెచ్చి చూపించింది. ఆయన ఓపికగా చదివాడు.

"ఇది ఇక్కడ ఉన్న హోటల్‌కు ఇచ్చిన అనుమతి. ఆ హోటల్ వెళ్లిపోయింది. ఇప్పుడున్నదానికి అనుమతి లేదు."

"ఎల్లిపోనేదు బాబూ. నాను అందులోనే ఉన్నాను. నువ్వు అందులోనే నిలబడ్డావు."

"నేను ప్రభుత్వ స్థలంలో నిలబడ్డాను," అన్నాడాయన, ఏ మాత్రం విసుగు లేకుండా. శనివారం లోపల తొలగించమని నోటీసు అంటించి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

దానమ్మ రేవు ఆఫీసుకి నడిచి వెళ్లింది. నేను వెంట వెళ్లాను. కూర్మనాథం ఇప్పుడు రేవు అధికారి కుర్చీలో కూచుంటున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు, ఆ మర్యాదకు లోటు లేదు.

"మీరు ఇక్కడ ఉండకూడదమ్మా. మీరు సముద్రంలో ఉన్నారు."

"సూడు బాబూ. నన్ను సూడు."

"చూస్తున్నానమ్మా. కానీ నావికాధిపతి నౌకను విడిచిపెట్టి రావడం నేరం. నేను చూసినట్టు రాస్తే మీకే ప్రమాదం."

నా అర్జీ బల్ల మీద పెట్టాను. ముట్టుకోలేదు. ఓడలో ప్రయాణిస్తున్నవారి అర్జీలు తదుపరి రేవులో ఇవ్వాలన్నాడు. తదుపరి రేవు సింహళం. అక్కడి ఆఫీసులో తెలుగు చదవడం వస్తుందా అని అడిగాను. ఆ విషయం సముచిత స్థాయిలో పరిశీలనలో ఉందన్నాడు.

 తిరిగి వస్తుంటే, హోటల్ కనపడగానే దానమ్మ ఆగింది. సగం కప్పు లేని వరండాలో పేట ఆడవాళ్లు కూచుని ఉన్నారు. మగవాళ్లు వేటకు పోకుండా ఒడ్డునే ఉన్నారు. పైడయ్య తన పడవలోని కొయ్యను కోసి, విరిగిన స్తంభం చోట నిలబెడుతున్నాడు. వదినను చూసి సుత్తి ఆపాడు.

"ఆపేసినావేటి," అంది దానమ్మ. "కొట్టు." తర్వాత చీర కుచ్చెళ్లు పైకి దోపి, పొయ్యి రాజేయడానికి లోపలికి పోయింది. ఆ రాత్రి అంతమందికీ వండింది.

యంత్రం శనివారం వస్తుంది. ఈ లోపల మీరు చెయ్యవలసింది చెబుతున్నాను, వినండి. ఆ నోటీసును అంటించిన చేతులతోనే చింపండి. తీగ కోసినవాళ్లు వచ్చి తీగ కలపండి, కుళాయి పీకినవాళ్లు వచ్చి కుళాయి పెట్టండి. విరిగిన వరండాను సంస్థ ఖర్చుతో కట్టండి. ఎండలో కాగుతున్న జెట్టీ రాళ్లను ఎత్తుకెళ్లి పడవలు ఆగే చోట పొయ్యండి. ఆ నిర్వచనాన్ని తగలబెట్టండి. చక్రధరరావు గారిని ప్రమోషన్ నుంచి దింపి ఇక్కడికి పంపండి, ఒక గది ఇస్తాం, ఇసక దులుపుకుని పడుకుంటారు. అధ్యక్షుల వారూ రావాలి. శాలువా అక్కర్లేదు. ఒంటరిగా, కాలినడకన రావాలి. వచ్చి, లేదని మీరు సంతకం పెట్టిన ఇంటి తలుపు కొట్టండి. లోపలినుంచి దానమ్మ ఎవరూ అని అడుగుతుంది. జవాబు చెప్పండి.